మఠం తోటలో మొదలైన వైద్యం

ఈ రోజుల్లో కొన్ని జబ్బులకు మందు రాసేముందు డాక్టర్లు రోగి జన్యువులను పరీక్ష చేయిస్తున్నారు. అందరికీ ఒకే మందు కాక, ఎవరి శరీరానికి తగినది వారికి ఇవ్వాలన్నది దీని ఉద్దేశం. ఈ విద్యకు పునాది వేసినవారు ఒక కతోలిక గురువని మన కుటుంబాలలో ఎందరికి తెలుసు? ఆయనే గ్రెగోర్ మెండెల్.

మెండెల్ 1822లో, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న ఒక పల్లెలో, రైతు ఇంట పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యోహాన్. 1838లో తండ్రి మీద చెట్టు దుంగ పడి ఆయన కష్టం చేయలేని స్థితికి వచ్చారు. చదువు ఆగిపోయే ఆ సమయంలో చెల్లెలు తెరేజియా తన కట్నంలో కొంత భాగాన్ని అన్న కోసం వదులుకుంది. 1843లో ఆయన బ్రనో నగరంలో అగస్తీను సభవారి పునీత తోమాసు మఠంలో చేరి గ్రెగోర్ అనే పేరు స్వీకరించారు. 1847లో గురుపట్టం పొందారు.

గురువుగా ఆయనకు తొలి కష్టం రోగుల మంచాల దగ్గరే ఎదురైంది. వారి బాధ చూసి తట్టుకోలేక తానే జబ్బుపడేవారు. మఠాధిపతి సిరిల్ నాప్ ఇది గ్రహించి 1849లో ఆయనను బడిలో బోధించడానికి పంపారు. ఉపాధ్యాయ పరీక్షలో ఆయన రెండుసార్లు గట్టెక్కలేకపోయారు.

1856 నుంచి 1863 వరకు మఠం తోటలో దాదాపు 28,000 బఠాణీ మొక్కలను పెంచి పరిశీలించారు. పొడుగు రకాన్ని పొట్టి రకంతో కలిపితే పుట్టినవన్నీ పొడుగే. వాటి సంతానంలో మాత్రం 787 పొడుగు, 277 పొట్టి. అంటే పొట్టి లక్షణం పోలేదు, దాగి ఉంది. ప్రతి లక్షణానికి తల్లినుంచి ఒక కారకం, తండ్రినుంచి ఒక కారకం వస్తాయని ఆయన తేల్చారు. 1866లో అచ్చయిన ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు బహు తక్కువ.

తర్వాత హాక్‌వీడ్ అనే పూలమొక్కపై ప్రయోగాలు చేస్తే ఆ లెక్క కుదరలేదు. అది చాలావరకు పరాగం కలవకుండానే గింజ కడుతుందని అప్పట్లో తెలియదు. అయినా ఆయన ఆ ఫలితాలను దాచకుండా ప్రచురించారు. 1868లో మఠాధిపతి అయ్యారు. 1884లో మూత్రపిండాల వ్యాధితో మరణించారు. 1900లో గాని లోకం ఆయన గొప్పతనాన్ని గుర్తించలేదు.

నేటి జన్యువైద్యంలో ఈ రెండు మొక్కల కథా ఉంది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలే. ఒక జన్యులోపం తల్లిదండ్రులిద్దరినుంచీ వచ్చినవారికి అది గంటల తరబడి ఉండి, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. మన వైశ్య కుటుంబాలలో ఈ లోపం ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. ముందే తెలిస్తే వేరే మందు వాడి ప్రమాదం తప్పించవచ్చు. మేనరికాలలో ఇలా దాగిన లోపాలు కలిసే అవకాశం ఎక్కువని కూడా మరువరాదు.

కాని చక్కెర వ్యాధి, రక్తపోటు బఠాణీ లెక్కకు లొంగవు. ఎన్నో జన్యువులతోపాటు తిండి, పని, దిగులు కూడా అందులో కలుస్తాయి. అక్కడ జన్యుపరీక్ష చెప్పేది అవకాశమే, తీర్పు కాదు. ఇక ఖర్చు సంగతి. సికిల్ సెల్ వ్యాధికి జన్యువును సవరించే చికిత్సకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు, ఒక్కొక్క రోగికి దాని ధర 22 లక్షల డాలర్లు. మన ఏజెన్సీ గ్రామాలలో ఆ జబ్బుతో బాధపడే గిరిజన బిడ్డకు అది ఎప్పుడు అందుతుంది?

2021లో మెండెల్ సమాధి తెరచి ఆయన జన్యువులను చదివారు. గుండె, మూత్రపిండాల జబ్బులతో సంబంధమున్న మార్పులు కనిపించాయి. చెల్లెలి ఋణం మరువక ఆయన ఆమె కొడుకులను చదివించారనీ, వారిలో ఇద్దరు డాక్టర్లయ్యారనీ మాత్రం ఆ పరీక్షలో కనిపించదు. అలాంటి కాగితం మన ఇంటికి వచ్చిననాడు సరైన మందు ఎంచుకోవడానికి వాడుకుందాం. బిడ్డకు విలువ కట్టడానికో, పెళ్ళిచూపులలో ఒక పిల్లను కాదనడానికో దానిని వాడకుందుము గాక.