బెర్తా బెంజ్ - కారుకు నడక నేర్పిన తల్లి

మోటారు కారును కనిపెట్టినది ఎవరని అడిగితే కార్ల్ బెంజ్ అని చటుక్కున చెబుతాము. ఆ కారును మొదటిసారి దూరప్రయాణానికి తీసుకువెళ్ళి, దారిలో చెడిపోతే బాగుచేయించి, దాని లోపమేమిటో తెలుసుకుని వచ్చిన వ్యక్తి గురించి మాత్రం అంతగా చెప్పుకోము. ఆమె కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్. మన హాస్టల్ నుండి ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదువులకు వెళ్ళిన, వెళ్ళబోయే సోదర సోదరీమణుల కోసం ఆమె జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో పరిచయం చేస్తున్నాము.

బెర్తా 1849 మే 3న జర్మనీలోని ఫోర్జైమ్ పట్టణంలో జన్మించారు. తండ్రి వడ్రంగం, ఇళ్ళ నిర్మాణం చేసి పైకి వచ్చిన మనిషి. మళ్ళీ ఆడపిల్లే పుట్టిందన్న విచారాన్ని ఆయన ఇంటి బైబిలులో రాసుకున్నారని, ఆ మాట చిన్ననాడే బెర్తా కంట పడిందని చెబుతారు. యంత్రాలంటే ఆమెకు బాల్యం నుండీ ఆసక్తి.

కార్ల్ బెంజ్‌తో పెళ్ళి కుదిరేనాటికి ఆయన మాన్‌హైమ్‌లో ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలిసి ఒక చిన్న వర్క్‌షాపు నడుపుతున్నారు. వ్యాపారం అప్పుల్లో పడింది. అప్పుడు బెర్తా తనకు రావలసిన కట్నం సొమ్మును పెళ్ళికి ముందే ఇప్పించి, భాగస్వామి వాటాను కొనిపించారు. 1872 జూలై 20న వారి వివాహం జరిగింది. తరువాత కూడా కష్టాలు తీరలేదు. అయినా ప్రయోగాలు ఆగలేదు. 1879 డిసెంబరు 31 రాత్రి వారి ఇంజను మొదటిసారి చక్కగా నడిచింది. 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి కార్ల్ పేరుతో పేటెంటు దరఖాస్తు దాఖలైంది.

బండి తయారైంది గాని కొనేవారు లేరు. గుర్రం లేని బండిని నమ్మడానికి జనం జంకారు. అది ఊరు దాటి వెళ్ళగలదని ఎవరైనా చూపించాలి. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకు చెప్పకుండా, బెర్తా తన కొడుకులు యూజెన్, రిచర్డ్‌లను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుండి పుట్టింటి ఊరు ఫోర్జైమ్‌కు ఆ బండిలో బయలుదేరారు. దూరం సుమారు 104 కిలోమీటర్లు. అప్పటికి యూజెన్ వయసు 15, రిచర్డ్ వయసు 13.

ఇక్కడ ఆ బండి ఎలా నడిచేదో కొంచెం తెలుసుకోవాలి. ఇంజను వెనుక భాగంలో ఉండేది. దాని శక్తి ఒక తోలు బెల్టు ద్వారా సీటు కింద ఉన్న అడ్డ ఇరుసుకు చేరేది. ఆ ఇరుసు రెండు కొనల నుండి రెండు గొలుసులు వెనుక చక్రాలను తిప్పేవి. ఇంజను ఎంత బాగా తిరిగినా, ఆ శక్తిని చక్రం దాకా మోసుకుపోయే బెల్టు, గొలుసు సరిగా లేకపోతే బండి కదలదు. ఈ మోసుకుపోయే ఏర్పాటునే ట్రాన్స్‌మిషన్ అంటారు.

దారిలో ఒక్కొక్క చిక్కే ఎదురైంది. ఇంధనం వచ్చే గొట్టం మూసుకుపోతే బెర్తా తన టోపీ పిన్నుతో శుభ్రం చేశారు. తీగ మీద తొడుగు అరిగిపోతే తన మేజోడు పట్టీ చుట్టారు. వీస్‌లోఖ్‌లోని మందుల షాపులో లిగ్రాయిన్ కొని ఇంధనంగా పోశారు. ఇంజను చల్లబడడానికి దారి పొడవునా నీళ్ళు పోస్తూనే ఉన్నారు. బ్రూఖ్‌సాల్ చేరేసరికి గొలుసు సాగి వదులైపోయింది. గొలుసు లింకులు, పిన్నులు అరిగే కొద్దీ దాని పొడవు పెరిగి పళ్ళ చక్రం మీద నిలవదు. అక్కడి కమ్మరి దానిని సరిచేశాడు. దిగుడు దారుల్లో చెక్క బ్రేకులు అరిగిపోతే, బౌష్‌లాట్ గ్రామంలో చెప్పులు కుట్టే ఆయన చేత వాటిపై తోలు కొట్టించారు. బ్రేకు లైనింగ్‌కు అదే నాంది.

ఎత్తు ఎక్కవలసిన చోట బండి మొరాయించింది. దిగి నెట్టవలసి వచ్చింది. ఇంజను శక్తి తక్కువే, కానీ ఆ ఉన్న శక్తినైనా ఎత్తుకు తగినట్లు మార్చి ఇచ్చే గేరు లేదు. గేరు తగ్గిస్తే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, కానీ ఎక్కువ బలంతో తిరుగుతుంది. ఘాట్ రోడ్డు మీద బస్సు డ్రైవరు గేరు తగ్గించేది అందుకే. ఆ సాయంత్రం ఫోర్జైమ్ చేరి భర్తకు టెలిగ్రాం పంపిన బెర్తా, తిరిగి వచ్చాక ఈ లోపం చెప్పారు. కొండదారికి మరొక గేరు బండికి చేరింది. అదే ఏడాది మ్యూనిచ్ ప్రదర్శనలో ఆ బండికి బంగారు పతకం లభించింది.

కార్ల్ 1929లో మరణించారు. బెర్తా 95వ పుట్టినరోజున, 1944 మే 3న, కార్ల్‌స్రూ సాంకేతిక విద్యాలయం ఆమెకు గౌరవ సెనేటర్ బిరుదు ఇచ్చింది. రెండు రోజులకే లాడెన్‌బుర్గ్‌లో ఆమె కన్నుమూశారు. ఆమె వెళ్ళిన దారికి 2008 నుండి బెర్తా బెంజ్ స్మారక మార్గం అని పేరు.

ఈ కథలో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ కమ్మరి, ఆ చెప్పులు కుట్టే ఆయన. అప్లికేషనులో తండ్రి వృత్తి అనే గడి దగ్గర మాలో చాలామందికి పెన్ను ఆగిపోయేది. తోలుపని, ఇనుపపని, వడ్రంగం అని రాయడానికి సిగ్గుపడేవాళ్ళం. ప్రపంచంలో మొదటి దూరప్రయాణం చేసిన కారు ఆ చేతులు పడకపోతే గమ్యం చేరేది కాదు. కారు మీద బెంజ్ పేరు ఒక్కటే ఉంటుంది. దాన్ని నడిపించిన పనిలో వాళ్ళ వాటా కూడా ఉంది.

రేపు గేర్‌బాక్సు విప్పబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. బండి ఎక్కడ ఆగిందో చూడాలి. ఎందుకు ఆగిందో ఆలోచించాలి. తెలిసిన పనివాడిని అడగడానికి వెనుకాడకూడదు. బెర్తా చేసినది అదే. ఆ గడిలో మీ నాన్న పనిని గుండ్రటి అక్షరాలతో, తల ఎత్తుకుని రాయండి.