నీటి లెక్క నుంచి బడి లెక్క దాకా

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఒకటే చర్చ. సైన్సులో చేర్చాలా, కామర్సులోనా, ఆర్ట్స్‌లోనా? ఒక దారి పట్టాక మిగతా దారులన్నీ మూసుకుపోతాయన్నట్టే మాట్లాడుకుంటాం. మన పిల్లల విషయంలో ఇంకో బెంగ కూడా ఉంది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. రెంటి మధ్య చదువు నలిగిపోతుందేమో! ఈ రెండు బెంగలూ ఉన్నవారి కోసం ఈసారి మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితాన్ని ఎంచుకున్నాం. ఏటా సెప్టెంబరు 15న ఆయన పటానికి దండ వేసి, కృష్ణరాజసాగరం పేరు చెప్పి ఊరుకుంటున్నాం. చెప్పుకోవాల్సింది ఇంకా చాలా ఉంది.

ముద్దేనహళ్లి తెలుగిల్లు

ఆయన ఇంటిపేరు మన మోక్షగుండం గ్రామానిది. పూర్వీకులు తరాల క్రితమే అక్కడి నుంచి మైసూరు సీమకు వలస వెళ్లారు. ఆయన పుట్టింది బెంగళూరుకు ఉత్తరాన చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో. ఇంటి భాష తెలుగు, ఊరి భాష కన్నడం. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. కుర్రవాడి చిన్నతనంలోనే ఆయన కన్నుమూశారు. తల్లి వెంకటలక్ష్మమ్మ పట్టుదలతోనే చదువు సాగింది. బెంగళూరులో ఒక ఇంటి పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ డబ్బుతో సెంట్రల్ కాలేజీలో 1881లో బీఏ పూర్తి చేశారు. మైసూరు సంస్థానం ఇచ్చిన ఉపకారవేతనంతో పుణె వెళ్లి, 1883లో ఇంజనీరింగ్ పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకున్నారు. మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో ఉద్యోగం వచ్చింది.

కాలువ గట్టు మీద మొదలైన ప్రశ్న

మహారాష్ట్రలో పని చేసిన రోజుల్లోనే ఆయన ఆలోచన తీరు బయటపడింది. దక్కను కాలువల కింద ఎగువ రైతులు నీటిని ఇష్టం వచ్చినట్టు వాడేవారు. దిగువ పొలాలకు అందేది కాదు. ఎగువన నేల చిత్తడై దోమలు పెరిగేవి. ఇది కాలువకు సంబంధించిన సమస్య కాదనీ, పంచుకోవడంలో ఉన్న సమస్య అనీ ఆయన గుర్తించారు. పొలాలను బ్లాకులుగా విడగొట్టి, చెరకుకు కొంత, వరికి కొంత, మెట్ట పైర్లకు కొంత అని నీటిని వంతులవారీగా ఇచ్చే పద్ధతి రూపొందించారు. అందులో ఇంజనీరింగు ఉంది, వ్యవసాయ శాస్త్రం ఉంది, ఊరి ఆరోగ్యం ఉంది, పక్కపక్క రైతుల మధ్య న్యాయమూ ఉంది.

పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన అమర్చిన గేట్లు నీరు హద్దు దాటితే వాటంతటవే తెరుచుకునేవి, మట్టం తగ్గితే మూసుకునేవి. అలా గట్టు ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలవ చేయగలిగారు.

మూసీ నేర్పిన పాఠం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలు పోయాయి. అప్పటికి విశ్వేశ్వరయ్య బొంబాయి ఉద్యోగం వదిలి విదేశాల్లో ఉన్నారు. నిజాం ప్రభుత్వం కబురు పంపితే 1909లో వచ్చారు. నగరంలో గోడలు కట్టే పనితో ఆయన మొదలుపెట్టలేదు. వాన ఎక్కడ ఎంత కురిసింది, నది పైభాగాన ఎన్ని చెరువులున్నాయి, వాటిలో ఎన్ని తెగాయి అని లెక్క తీశారు. ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే 221 తెగినట్టు తేలింది. ఒక చెరువు గండిపడి కింది చెరువు మీద, అది ఆ కింది దాని మీద పడి, ఆ నీరంతా ఊరి మీదికి వచ్చిందన్నమాట. అందుకే నగరానికి ఎగువనే వరదను ఆపాలని సూచించారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మురుగు కాలువలకూ, నది ఒడ్డున తోటలకూ కూడా అదే నివేదికలో చోటిచ్చారు.

ఆనకట్ట నుంచి బడికి

1909 చివర మైసూరు చీఫ్ ఇంజనీరయ్యారు. 1911లో కావేరిపై కృష్ణరాజసాగరం పనులు మొదలయ్యాయి. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఆ తగవు 1924 ఒప్పందం దాకా నడిచింది. తమిళనాడులోని మన పాఠకులకు ఆ కథ రెండో వైపు నుంచి తెలుసు.

అదే 1911లో మైసూరులో ఆర్థిక సమావేశం అనే సంస్థ ఏర్పడింది. దాని వెనుక ఉన్నది ఆయన ఆలోచనే. వ్యవసాయం, పరిశ్రమలు, విద్య అని మూడు విభాగాలు పెట్టారు. నీరు పారినంత మాత్రాన పేదరికం పోదనీ, చదువు లేకపోతే పంట డబ్బు నిలవదనీ ఆయన నమ్మకం. 1912లో దివాన్ అయ్యాక 1913లో నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం, మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, ఆ మరుసటి ఏడాది బెంగళూరులో ఇంజనీరింగ్ కళాశాల వచ్చాయి. 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు పుట్టడానికీ ఈ తెలుగింటి బిడ్డ అండగా నిలిచారు. ఊరి భాషకు చేసిన సేవ ఇంటి భాషకు చేసిన ద్రోహమని ఆయన అనుకోలేదు.

ఆయన వేయని లెక్క

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. 1918లో వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో వాటా ఇచ్చే ప్రతిపాదనను మహారాజు ముందుకు తెచ్చారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్న విశ్వేశ్వరయ్య ఒప్పుకోక దివాన్ పదవి వదులుకున్నారు. ఆయన పేదరికంలో చదివారు, నిజమే. కానీ ఆయన ఇంట్లో పుస్తకం ఉంది. తరతరాలుగా పుస్తకమే లేని ఇంటి పిల్లవాడు ఎంత వెనక నుంచి పరుగు మొదలుపెడతాడో ఆయన లెక్కలో చేరలేదని మా అభిప్రాయం. ప్రతి చెరువునూ లెక్కపెట్టినవారు కూడా ఒకచోట లెక్క వదిలేయవచ్చు. ఈ సంగతి పిల్లలకు చెబితే ఆయన గౌరవం తగ్గదు.

తర్వాత పుస్తకాలు రాశారు. 1934లో వచ్చిన ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ గ్రంథం పదేళ్ల ప్రణాళికను ప్రతిపాదించింది. 1930ల చివర గాంధీజీ కోరికపై ఒడిశా వరదలను పరిశీలించి నివేదికలిచ్చారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై ఐదు దాటింది. 1955లో భారతరత్న అందుకున్నారు. 1962లో, నూరేళ్లు నిండాక, కన్నుమూశారు.

మన బడుల్లో చేయదగిన పని ఒకటుంది. ఈ వానాకాలం అడుగూ అంచూ ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి మేడ మీద పెట్టించండి. పడిన వానను పిల్లలే రోజూ స్కేలుతో కొలిచి, తెలుగులోనూ ఊరి భాషలోనూ రాయాలి. ఆ నీరు ఏ కాలువలో కలిసింది, ఏ వీధిని ముంచింది, ఆ వీధిలో ఎవరుంటారు అని అడిగి తెలుసుకోవాలి. అది సైన్సా, గణితమా, సాంఘికమా అని అప్పుడు వాళ్లనే అడుగుదాం.