నాడి పట్టి గుండెను చదివిన మెకంజీ

బడిలో మందబుద్ధి అనిపించుకున్న కుర్రవాడు పెద్దయ్యాక గుండె వైద్యానికి దారి వేశాడంటే నమ్మడం కష్టం. సర్ జేమ్స్ మెకంజీ జీవితం అచ్చం అలాంటిదే. లయ తప్పిన నాడిని ఆయన నలభై ఏళ్లకు పైగా వెంటాడారు. చివరికి ఆయన ప్రాణం తీసింది కూడా గుండె జబ్బే. మన పిల్లలకూ, ఇంట్లోని పెద్దవాళ్లకూ పనికొచ్చే సంగతులు ఈ జీవితంలో ఉన్నాయి కాబట్టి ఈసారి ఆయన గురించి చెప్పుకుందాం.

మెకంజీ 1853 ఏప్రిల్ 12న స్కాట్లండ్‌లోని స్కోన్ దగ్గర ఒక రైతు ఇంట పుట్టారు. బట్టీ పట్టడం ఆయనకు చేతనయ్యేది కాదు. ఏదైనా కారణం తెలిస్తేనే బుర్రకెక్కేది. పదిహేనో ఏట బడి మానేసి, పెర్త్ పట్టణంలో ఒక మందుల దుకాణంలో పనికి కుదిరారు. యజమాని వ్యాపారంలో వాటా ఇస్తానన్నా ఒప్పుకోలేదు. 1874లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరి 1878లో వైద్య పట్టా పుచ్చుకున్నారు.

మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని బర్న్‌లీలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. అది నూలు బట్టల మిల్లుల ఊరు. పత్తి మార్కెట్టు చుట్టూ బతికే రాయచూరు వాళ్లం కనుక అక్కడి కూలీల బతుకును మనం ఊహించుకోగలం. పగలు ఇల్లిల్లూ తిరిగి వైద్యం, రాత్రి కాన్పులు. అలాంటి ఒక కాన్పులోనే ఆయన దారి మారింది. ప్రసవ వేదనలో ఉన్న ఒక యువతి గుండె ఆగి ఆయన కళ్లముందే చనిపోయింది. ఆమె గుండె కవాటం ముందే దెబ్బతిని ఉంది. ఏ గుండె కాన్పును తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో ముందే తెలుసుకునే మార్గం లేదా అన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. పుస్తకాల్లో జవాబు దొరకలేదు. దాంతో తన రోగులనే ఏళ్ల తరబడి గమనించి, ప్రతిదీ రాసిపెట్టుకోవడం మొదలుపెట్టారు.

చేతి నాడి ఒక్కటే చాలదని ఆయనకు త్వరలోనే అర్థమైంది. మెడలోని సిర కూడా గుండెతో పాటు కదులుతుంది. చేతి నాడి గుండె కింది గదుల, అంటే జఠరికల పని చెబుతుంది. మెడ సిర పై గదుల, అంటే కర్ణికల కదలికను చూపిస్తుంది. రెండింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కనే గీసే పాలిగ్రాఫ్ అనే యంత్రాన్ని ఆయన రూపొందించారు. దాన్ని సిరాతో గీసేలా తీర్చిదిద్దడంలో ఆ ప్రాంతపు గడియారాల పనివాడు ఒకరు సాయపడ్డారు.

ఆ గీతల సాయంతో లయ తప్పిన నాడులను ఆయన వేరుచేశారు. పిల్లల నాడి ఊపిరి పీల్చినప్పుడు వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది. అది సహజం, జబ్బు కాదు. మధ్యలో ఒక దెబ్బ ముందుగా పడి, ఆపైన చిన్న విరామం రావడం చాలామందిలో ప్రమాదం లేనిదే. మూడోది మాత్రం వేరు. అందులో ఏ రెండు దెబ్బల నడుమా దూరం సమానంగా ఉండదు. ఏళ్ల తరబడి చూస్తూ వచ్చిన ఒక రోగి నాడి ఇలా మారిన రోజున మెడ సిర గీతలో కర్ణిక అల మాయమైపోయిందని మెకంజీ గుర్తించారు.

దానికి ఆయన మొదట చెప్పిన కారణం సరికాదు. కర్ణిక పని మానేసిందనుకున్నారు, తర్వాత లయ వేరే చోట పుడుతోందనుకున్నారు. 1909లో థామస్ లూయిస్ ఈసీజీతో అసలు సంగతి తేల్చారు. కర్ణిక ఆగిపోలేదు, క్రమం లేకుండా గిలగిలా కొట్టుకుంటోంది. ఇదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. లూయిస్‌ను ఈ దారిలోకి ప్రోత్సహించింది మెకంజీయే. ఈ నాడి ఉన్నవారికి డిజిటాలిస్ మందు బాగా పనిచేసి, జఠరికల వేగాన్ని తగ్గిస్తుందని చూపించింది కూడా ఆయనే.

1902లో నాడి మీద ఆయన పుస్తకం వచ్చింది. బర్న్‌లీలో 28 ఏళ్లు గడిపి, 1907లో లండన్ చేరారు. మరుసటి ఏడాది గుండె జబ్బులపై పెద్ద గ్రంథం వెలువడింది. 1915లో సర్ బిరుదు, రాయల్ సొసైటీ సభ్యత్వం రెండూ దక్కాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గుండె జబ్బు ముద్రతో పంపేసిన సైనికుల్లో చాలామందికి నిజంగా ఆ జబ్బు లేదని తేల్చడంలోనూ ఆయన పాలుపంచుకున్నారు. యుద్ధం ముగిశాక లండన్‌లోని రాబడి వదులుకుని, జబ్బు తొలి లక్షణాలను పరిశోధించేందుకు సెయింట్ ఆండ్రూస్‌లో ఒక సంస్థ స్థాపించారు.

ఈలోగా ఆయన గుండే ఆయనకు పాఠమైంది. నాడి గాడి తప్పడం, తర్వాత ఛాతీ నొప్పి, రెండూ ఆయన అనుభవించారు. 1923లో ఛాతీ నొప్పి గురించి రాసిన పుస్తకంలో తన బాధను కూడా పేరు చెప్పకుండా ఒక రోగి కథగా చేర్చారు. 1925 జనవరి 26న లండన్‌లో కన్నుమూశారు. గుండెను పరీక్షించినప్పుడు కరోనరీ ధమనులు ఇరుకైపోయి, కండరం మీద పాత గాయాల మచ్చలు కనిపించాయి. ఆ గుండెను సెయింట్ ఆండ్రూస్‌లో భద్రపరిచారు.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఏమిటి? ఒకటి గుండె లయకు సంబంధించింది, రెండోది గుండెకు రక్తం తెచ్చే గొట్టాలకు సంబంధించింది. కానీ రెండింటి వేళ్లూ చాలావరకు ఒకటే. వయసు, రక్తపోటు, మధుమేహం, ఊబకాయం, పొగతాగడం. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది సడలినప్పుడే. లయ తప్పి వేగం పెరిగితే ఆ సడలింపు సమయం తగ్గిపోతుంది. పని పెరుగుతుంది, సరఫరా తగ్గుతుంది. ధమనులు ముందే ఇరుకై ఉంటే నొప్పి మొదలవుతుంది. అలాగే గుండెపోటుతో దెబ్బతిన్న గుండెలో కర్ణికలు సాగి, లయ తప్పే అవకాశం పెరుగుతుంది. పైగా, సరిగా కదలని కర్ణికలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే ఇలాంటివారికి రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. దాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా ఆపకూడదు.

మన దేశంలో దీనికి చిన్ననాటి కారణం కూడా ఒకటుంది. గొంతునొప్పిని పట్టించుకోకపోతే కొందరు పిల్లలకు కీళ్లవాపు జ్వరం వస్తుంది. అది గుండె కవాటాన్ని దెబ్బతీస్తుంది. ఏళ్ల తర్వాత నాడి లయ తప్పేది, కాన్పులో ప్రాణం మీదికి వచ్చేది అలాంటి గుండెకే. బర్న్‌లీ యువతికి ఉన్న కవాట జబ్బు ఈ కోవకు చెందిందే. గొంతునొప్పి తర్వాత కీళ్లు మార్చి మార్చి వాస్తున్న పిల్లలను, ఆటలో మిగతావాళ్లకంటే ముందే ఆయాసపడే పిల్లలను ఆసుపత్రికి పంపాల్సిన మొదటి సాక్షులు టీచర్లే. సింధనూరు క్యాంపు బడి అయినా, రాయచూరు పట్టణంలోని తెలుగు బడి అయినా సంగతి ఇదే.

సైన్సు పాఠంలో గుండె వచ్చినప్పుడు పిల్లల చేత ఒకరి నాడి ఒకరు పట్టించి, నిమిషానికి ఎన్ని దెబ్బలో రాయిద్దాం. ఇంటికెళ్లి తాతయ్య, అమ్మమ్మల నాడి కూడా చూడమందాం. ఒక క్రమం అంటూ లేకుండా కొట్టుకుంటుంటే ఒక ఈసీజీ తీయించాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం లాంటివి ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బట్టీ పట్టలేని పిల్లవాడు మన తరగతిలో ఉంటే వాడి చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, చూసింది రాయమని చెబుదాం. మెకంజీ చేసిన పని మొదలైంది అక్కడే.