నటశేఖరుడు బళ్లారి రాఘవ

ఇంటిలో ఒక భాష, అంగడిలో వేరొక భాష వినవచ్చు ప్రాంతములలో పెరుగు పిల్లలకు ఆ స్థితి భారమా, భాగ్యమా యని తల్లిదండ్రులు తరచు చింతించుచుందురు. మన పాతపాళ్య, బాగేపల్లి, చింతామణి ప్రాంతములవారికి ఈ చింత క్రొత్తది కాదు. దీనికి తన జీవితముచేతనే సమాధానము చెప్పిన మహానటుడు బళ్లారి రాఘవ. తెలుగును కన్నడమును కలసిమెలసి యుండు బళ్లారి పట్టణమున ఆయన పెరిగెను. తెలుగు రంగస్థలమున అగ్రస్థానము నందెను. కన్నడ, హిందీ, ఆంగ్ల నాటకములందును నటించి పేరు గడించెను. అయితే ఆ కీర్తి సులభముగా చేకూరినది కాదు.

రాఘవ పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ఆయన 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన నేటి అనంతపురము జిల్లాలోని తాడిపత్రిలో జన్మించెను. తండ్రి నరసింహాచార్యులు బళ్లారిలో తెలుగు పండితుడు, తల్లి శేషమ్మ. బళ్లారి ఆనాడు మదరాసు రాజధానిలో చేరియుండెను. మైసూరు రాష్ట్రమున కలిసినది 1953లో.

రాఘవ మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులు. ఆంధ్ర నాటక పితామహుడని ప్రసిద్ధి కెక్కిన ఈయన బళ్లారిలో సరసవినోదినీ సభను స్థాపించి, చిత్రనళీయము, విషాద సారంగధరము మున్నగు నాటకములు రచించెను. అదే పట్టణమున కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభను నడుపుచు చారిత్రక నాటకములు వ్రాయుచుండెను. ఒకే ఊరిలో ఇట్టి రెండు సభలు పోటీపడి నాటకము లాడుచుండగా, బాలుడైన రాఘవకు నాటకమునందు మక్కువ కలుగుట సహజమే.

కాని ఆ కాలమున నాటకము లాడువారికి సంఘములో గౌరవము తక్కువ. చదువుకొన్న కుటుంబములవారు తమ పిల్లలు ముఖమునకు రంగు పూసికొనుటను అవమానముగా భావించెడివారు. రాఘవ చదువును విడువలేదు, నాటకమును విడువలేదు. మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, న్యాయశాస్త్రము నభ్యసించి, బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడెను. పిమ్మట ప్రభుత్వ న్యాయవాదిగా కూడ పని చేసెను. వృత్తి జీవనమునకు చాలినది గనుక, నటన ఆయనకు సంపాదన మార్గము కాలేదు. ఆయన యాడిన నాటకములపై వచ్చిన ధనము పలుమారులు సత్కార్యములకే వినియోగపడెను.

ఆయన ఎదుర్కొన్న అసలు కష్టము వేరొకటి కలదు. ఆనాటి తెలుగు నాటకము పద్యమయము. నటుడు ఒక్కొక్క పద్యమును దీర్ఘమైన రాగాలాపనతో పాడవలెను. ప్రేక్షకులు మెచ్చినచో మరల పాడుమని కేకలు వేసెడివారు. రంగముమీద మరణించిన పాత్ర సైతము లేచి, పద్యము మరల పాడి, మరల పడిపోవు వింతలు జరుగుచుండెను. ఇట్టి ప్రేక్షకుల యెదుట, నాటకము పాటకచ్చేరి కారాదనియు, పాత్ర యొక్క మనోభావమే ముఖ్యమనియు నమ్మిన నటుడు నెగ్గుట యెంత కష్టమో యూహింపుడు. రాఘవ పద్యములను తగ్గించెను. మాటను మాటవలె పలికెను. బిగ్గరగా నరచుటకు బదులు చూపుతోను, మౌనముతోను, చిన్న కదలికతోను భావమును తెలిపెను. బళ్లారిలో షేక్స్పియరు నాటకసమాజమును నెలకొల్పి, ఆ మహాకవి పాత్రలను అభ్యసించుట ఈ మార్గమున ఆయనకు తోడ్పడెను.

విజయనగర సామ్రాజ్య పతనమును గూర్చి కోలాచలము శ్రీనివాసరావు రచించిన నాటకములో పఠాన్ రుస్తుం పాత్ర రాఘవకు విశేష కీర్తి తెచ్చెను. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు మొదలగు పాత్రలను గూడ ఆయన తన పద్ధతిలోనే నటించెను. మొదట వింతగా చూచిన ప్రేక్షకులే క్రమముగా ఆ పద్ధతికి అలవాటుపడిరి.

రెండవ పోరాటము స్త్రీపాత్రలను గూర్చినది. ఆ దినములలో స్త్రీపాత్రలను చాలవరకు పురుషులే ధరించుచుండిరి. స్త్రీల పాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవ వాదించెను. వాదించుటతో ఊరకుండక, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను ప్రోత్సహించి తనతోపాటు రంగమెక్కించెను. గౌరవ కుటుంబముల స్త్రీలు నాటకమాడుటను నాటి సంఘము తేలికగా సహింపలేదు. అయినను ఆయన వెనుకంజ వేయలేదు. పురాణకథలకే పరిమితము కాక సాంఘిక నాటకములను గూడ ఆదరించెను. తరువాత మదరాసు ఉన్నత న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియైన పి.వి. రాజమన్నారు రచించిన తప్పెవరిది అను నాటకమును ప్రదర్శించెను.

మన జిల్లాతో ముడిపడిన విషయ మొకటి యిచట చెప్పదగియున్నది. 1927లో గాంధీమహాత్ముడు అనారోగ్యముచే మన నందికొండపై కొన్ని వారములు విశ్రాంతి తీసికొనెను. ఆ యేడే బెంగుళూరులో ప్రదర్శింపబడిన దీనబంధు కబీరు అను హిందీ నాటకమున రాఘవ నటనను చూచి ఆయన ఆనందించెను. మరుసటి సంవత్సరము, అనగా 1928లో, రాఘవ ఐరోపా వెళ్లి అచటి నాటకరంగమును పరిశీలించెను. ఇంగ్లండులో సుప్రసిద్ధ నాటకకర్త బెర్నార్డ్ షాను కలిసికొనెను. నలుబది యెనిమిది యేండ్ల వయసున, కీర్తి పొందిన పిమ్మట గూడ, ఆయన విద్యార్థివలె నేర్చుకొనుటకే వెళ్లెను.

ఇంతలో మాటలాడు చలనచిత్రములు వచ్చెను. 1936లో, ఏబదియైదేండ్లు దాటిన రాఘవ ద్రౌపదీ మానసంరక్షణము అను చిత్రమున దుర్యోధనుడుగా నటించెను. అదే కథతో అదే సంవత్సరము ద్రౌపదీ వస్త్రాపహరణము అను మరియొక చిత్రమును వెలువడెను. ప్రజలు రెండవదానినే ఆదరించిరి. రాఘవ నటించిన చిత్రము ఓడిపోయెను. రంగస్థలమున చక్రవర్తియైన వానికి తెరపై తొలి యడుగే తడబడెను. ఇట్టిది ఆయన కొక్కనికే కలిగినది కాదు. అమెరికాలో స్పెన్సర్ ట్రేసీ అను నటుడు నాటకశాలనుండి 1930లో హాలీవుడ్ చిత్రములకు వచ్చి, తొలి యేండ్లలో తగిన విజయము లేక, పిమ్మట 1937, 1938 సంవత్సరముల చిత్రములకు వరుసగా ఆస్కారు బహుమానములు గెలుచుకొనెను.

రాఘవయు తొలి యోటమితో ఆగిపోలేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మము దర్శకత్వమున వెలువడిన రైతుబిడ్డ చిత్రమున రైతు నర్సిరెడ్డిగా నటించెను. పురాణరాజుల కిరీటములు ధరించిన వాడు సామాన్య కర్షకుడుగా మారెను. జమీందారుల అన్యాయములను చూపిన ఆ చిత్రము కొన్నిచోట్ల నిషేధమునకు గురియైనను, తెలుగు చిత్రచరిత్రలో నిలిచిపోయెను. 1940లో చండిక చిత్రమునందును ఆయన నటించెను.

1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాఘవ పరమపదించెను. బళ్లారిలో ఆయన పేర కళామందిరము వెలసినది. 1981లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా తపాలాబిళ్ల విడుదల చేసెను.

బాలబాలికలారా! తెలుగు పండితుని యింట పుట్టిన బిడ్డ తెలుగును చక్కగా నేర్చెను. ఆ పునాదిమీదనే కన్నడమును, హిందీని, ఆంగ్లమును నిలుపుకొనెను. ఒక భాష నేర్చుటకు మరియొకదానిని విడువనక్కరలేదని ఆయన చరిత్ర మనకు తెలుపుచున్నది. ఆయన యింటిపేరు తాడిపత్రి. అది పుట్టిన యూరి పేరు. లోకము మాత్రము ఆయనను పెరిగిన యూరి పేరుతోనే పిలిచెను. నేటికిని బళ్లారిలో తెలుగువారును కన్నడిగులును రాఘవను తమవానిగనే చెప్పుకొందురు.