డ్వొరాక్ మాస్టారి కీబోర్డు

పోయిన సెలవుల్లో విమ్ ఎడిటర్‌లో షార్ట్‌కట్లు మార్చుకుంటూ, ఊరుకోకుండా కీబోర్డు లేఅవుట్‌ని కూడా డ్వొరాక్‌కి మార్చేశాను. కర్సర్‌ని కదిపే హెచ్, జె, కె, ఎల్ అక్షరాలు అందులో తలో మూలకీ పోతాయి. అందుకని వాటికీ కొత్త కీలు పెట్టుకున్నాను. మూడు వారాల్లో వేళ్లకి అలవాటైంది. కాలేజీ తెరిచాక ల్యాబ్ ఇంటర్నల్‌లో మామూలు కీబోర్డు ముందు కూర్చుంటే సగం ప్రోగ్రామ్ కూడా పూర్తవలేదు. బయటికొచ్చి డ్వొరాక్‌ని బాగా తిట్టుకున్నాను. ఆయన కథ చదివాక ఆ కోపం పోయింది.

ఆగస్ట్ డ్వొరాక్ 1894లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టారు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఎడ్యుకేషన్ ప్రొఫెసర్. ఒక విద్యార్థిని టైపింగ్ తప్పుల మీద థీసిస్ రాస్తుంటే ఆయన గైడ్‌గా ఉన్నారు. కీబోర్డు మీద ఆయనకి ఆసక్తి పుట్టింది అక్కడే.

అప్పటికి అందరూ వాడేది 1870ల నాటి క్వర్టీ. వేళ్లు ఆనించి ఉంచే మధ్య వరసలో ఉన్న అచ్చు 'ఏ' ఒక్కటే. డ్వొరాక్, ఆయన బావమరిది విలియం డీలీ కలిసి ఇంగ్లీషులో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో, ఏది దేని పక్కన వస్తుందో, వేళ్లు ఎలా కదులుతాయో ఏళ్ల తరబడి పరిశీలించారు. అచ్చులన్నీ మధ్య వరసలో ఎడమ చేతి కింద పెట్టారు. ఎక్కువగా వచ్చే హల్లులు డి, హెచ్, టి, ఎన్, ఎస్ కుడి చేతి కింద పెట్టారు. చేతులు ఒకదాని తర్వాత ఒకటి పని చేయాలని వాళ్ల ఉద్దేశం. 1936లో పేటెంట్ వచ్చింది. మన తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో కూడా అచ్చులు ఎడమ వైపు, హల్లులు కుడి వైపే ఉంటాయి, గమనించండి.

డ్వొరాక్ నేర్చుకున్న టైపిస్టులు పోటీల్లో గెలిచారు. 1944లో అమెరికా నేవీ పరీక్షలో మంచి ఫలితాలొచ్చాయి. కానీ డ్వొరాక్ కూడా నేవీలోనే ఉండటంతో ఆ పరీక్షని చాలామంది నమ్మలేదు. 1956లో ప్రభుత్వం చేయించిన ఇంకో పరీక్షలో, ఉన్నవాళ్లకి మళ్లీ నేర్పించడం దండగ అని తేలింది. ఆఫీసుల్లో మెషిన్లు ఉన్నాయి, లక్షల మంది వేళ్లకి క్వర్టీ వచ్చు. వాటిని మార్చడం ఆయన వల్ల కాలేదు. 1975లో పోయారు. ఏడేళ్ల తర్వాత, 1982లో, అమెరికా ప్రమాణాల సంస్థ ఆయన లేఅవుట్‌ని గుర్తించింది.

ఇవాళ అదే లేఅవుట్ మన ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో ఉంది, రెండు క్లిక్కులు చాలు. వేళ్లకి మళ్లీ నేర్పించే ఖర్చు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ల్యాబ్‌లో నేను కట్టింది ఆ బిల్లే.

ఇప్పుడు మళ్లీ క్వర్టీకే వచ్చేశాను. కానీ మాస్టారి పద్ధతి వదల్లేదు. వారం పాటు ఏ కీ ఎక్కువ నొక్కుతున్నానో లెక్క రాసుకున్నాను. ఎస్కేప్ అన్నిటికంటే ముందుంది. దాన్ని క్యాప్స్ లాక్ మీదికి తెచ్చాను. ప్రస్తుతానికి మార్చింది ఆ ఒక్కటే.