డబ్బాపాల మీద ధ్వజమెత్తిన డాక్టరమ్మ

పసిబిడ్డ బొద్దుగా కనబడితే చాలు, బాగా ఒళ్లు చేస్తోందని మురిసిపోతాం. ఆ బొద్దుతనం ఒక్కోసారి ఒంటికి నీరు పట్టడం కూడా కావచ్చని లోకానికి గట్టిగా చెప్పినావిడ డాక్టర్ సిసిలీ విలియమ్స్. ఆవిడ జీవితం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

1893లో జమైకాలో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో డాక్టర్లు కరువయ్యాక గాని ఆమెకు ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యం చదివే వీలు చిక్కలేదు. 1929లో నేటి ఘనా, అప్పటి గోల్డ్‌కోస్ట్‌లో ఉద్యోగంలో చేరింది.

అక్కడ ఏడాది దాటిన పిల్లలు కాళ్లు వాచి, జుట్టు రంగు మారి, చర్మం పొరలుగా ఊడి చనిపోతుండేవారు. పుస్తకాల్లో ఆ జబ్బు లేదు. డాక్టరమ్మ ఏం చేసిందనుకున్నారు? తల్లుల్నే అడిగింది! వాళ్ల గా భాషలో దాని పేరు క్వాషియోర్కర్. మరో బిడ్డ పుట్టగానే, చోటు పోయిన పెద్దబిడ్డకొచ్చే జబ్బని అర్థం. చంటిపాలు మాన్పించి వట్టి మొక్కజొన్న జావ పోస్తే ఏం బలం వస్తుంది? మాంసకృత్తుల లోపమేమోనని 1933లో రాసింది. ఆ ఒక్క లోపమే కాదని తరువాతి పరిశోధనల్లో తేలింది గానీ, అప్పటి పెద్ద డాక్టర్లు మాత్రం ఇది పాత జబ్బు పెల్లాగ్రాయేనని కొట్టిపారేశారు. ఆమె బెదరలేదు. 1935లో తల్లులు చెప్పిన పేరుతోనే మళ్లీ రాసింది. ఇవాళ ప్రపంచమంతా వాడేది ఆ పేరే.

తర్వాత మలయా వెళ్లింది. అక్కడ నర్సు దుస్తులేసుకున్న అమ్మాయిలు ఇళ్లకొచ్చి తియ్యటి డబ్బాపాలు బాలింతలకు అంటగట్టేవారు. ఒకసారి అవి అలవాటైతే తల్లికి పాలు తగ్గిపోతాయి కదా! 1939లో సింగపూర్ రోటరీ క్లబ్బులో, పాలు-హత్య అనే పేరుతో ప్రసంగించి, ఈ వ్యాపారాన్ని కడిగిపారేసింది.

1942లో జపాన్ సైన్యానికి బందీగా చిక్కి, చాంగీ జైల్లో చేరింది. ఆకలి, జబ్బులు, విచారణల పేరుతో నెలల తరబడి నరకం. అయినా ఆ చెరలో పుట్టిన 20 మంది పసివాళ్లూ తల్లిపాలే తాగి, 20 మందీ బతికారు. తిండికి ముఖం వాచిన తల్లులండీ వాళ్లు! పాలు చాలట్లేదేమోనని ఊరికే దిగులుపడే బాలింతలకు నేను ముందు చెప్పేదిదే. పుట్టిన కొద్దిరోజులు బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా మళ్లీ పుంజుకుంటుంది. పుంజుకోకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో తల్లీబిడ్డల విభాగానికి ఆమే తొలి అధిపతి. 1992లో, 98వ ఏట ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూసింది. డబ్బాపాల ప్రకటనల్ని నిషేధిస్తూ మన దేశం చట్టం చేసిందీ ఆ ఏడాదే. డబ్బా మీద పాపాయి బొమ్మ వెయ్యకూడదని కూడా అందులో ఉంది.