ఉత్తరాల సంచితో ఎగిరిన మహనీయుడు జె.ఆర్.డి. టాటా



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యవర్గం వారు కోరగానే నాకు టాటా గారు గుర్తుకు వచ్చారు. నేను ఆఫీసులో ఇన్‌వార్డు సీటు చూసిన రోజుల్లో ఎయిర్ మెయిల్ కవరు వస్తే నంబరు వేసి పంపేవాడిని. దాని వెనుక కథ రిటైరయ్యాక తీరిగ్గా చదివాను.

ఆయన 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి వనిత. 1929 ఫిబ్రవరి 10న ఆయన పొందిన పైలట్ లైసెన్సు భారతదేశంలో ఇచ్చిన మొదటిది. 1930లో ఆగాఖాన్ బహుమతి పోటీలో పాల్గొన్నారు. దారిలో ఈజిప్టులో స్పార్కు ప్లగ్గులు లేక ఆగిపోయిన పోటీదారు ఆస్పీ ఇంజనీరుకు తన దగ్గరున్నవి ఇచ్చారు. గెలుపు ఆస్పీనే వరించింది. ఆ ఆస్పీ గారే తరువాత మన వైమానిక దళాధిపతి అయ్యారు.

1932 అక్టోబరు 15న టాటా గారు కరాచీలో ఉత్తరాల సంచులతో పుస్ మాత్ విమానం ఎక్కి, అహ్మదాబాదు మీదుగా బొంబాయిలోని జుహూలో దిగారు. ఒకే ఇంజను, రేడియో లేదు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ గారు టపాను బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. అప్పట్లో బళ్లారీ, మన విశాఖ జిల్లా కూడా మద్రాసు రాజధానిలోనివే. కనుక ఆ సంచులు మన చరిత్రలోనివి కూడా.

ఆ సంస్థే 1946లో ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు సర్వీసు మొదలుపెట్టింది. 1953లో జాతీయం చేశాక టాటా గారు జీతం తీసుకోకుండా చైర్మన్‌గా పనిచేశారు. 1978లో ప్రభుత్వం ఆయనను ఆ పదవి నుంచి తప్పించింది. తాను పెంచిన సంస్థలో కుర్చీ పోతే ఎంత బాధో మనబోటివారికి వేరే చెప్పాలా?

అయినా ఆయన ముడుచుకు కూర్చోలేదు. 1982 అక్టోబరు 15న, 78వ ఏట, పాతకాలపు లెపర్డ్ మాత్ విమానంలో మళ్లీ కరాచీ నుంచి జుహూకు ఒంటరిగా వచ్చారు. యువతలో సాహసం, ఆశ నింపాలన్నదే ఆయన కోరిక. 1992లో భారతరత్న అందుకుని, 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. 2021 అక్టోబరు 15న ఆరోహీ పండిట్ అనే యువతి భుజ్ నుంచి జుహూకు చిన్న విమానం నడిపి ఆయనకు నివాళి అర్పించింది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది.

ఈ వయసులో మనం విమానం నడపలేం. కాని బుచ్చయ్యపేట ప్రాంతానికి మొదటి బస్సు, తపాలా, కరెంటు ఎలా వచ్చాయో తెలిసినవారు మనలో ఇంకా ఉన్నారు. మనం పోతే అవీ పోతాయి. తలా రెండు పేజీలు రాసి సంఘానికి ఇవ్వవలసిందిగా ప్రార్థన. మనవలు చదువుతారు.